తొంభై ఫ్రేముల మాచర్ల బండి

కొత్త కంప్యూటర్ ఇంటికొచ్చిన రోజు ఏడుకొండలు దానికి మూడు చోట్ల కుంకుమ బొట్లు పెట్టాడు. కేబినెట్‌కి ఒకటి, మానిటర్‌కి ఒకటి. మూడోది మౌస్‌ని తిరగేసి, ఎర్రగా వెలిగే చోట పెట్టాడు, అది దాని ముఖమేమో అనుకొని. మౌస్ అక్కడికక్కడే పనిచేయడం మానేసింది.

"శకునం బాగానే ఉంది," అంది లోహిత, చెవిపుల్లతో కుంకుమ తుడుస్తూ.

"మంచి పని చేసినా ఎగతాళేనా అమ్మాయ్."

మంచం మీద నుంచి ఝాన్సీ తల తిప్పింది. "ఏమయ్యా సున్నం, ఇన్నేళ్లలో నాకు పెట్టావా ఒక్క బొట్టు? ఆ డబ్బాకి మూడా?"

సున్నం అంటే ఏడుకొండలే. నరసరావుపేటలో రంగుల షాపు నడుపుతున్నాడు కాబట్టి బజార్లో అందరూ అతన్ని గారూ అనే పిలుస్తారు. భార్య నోట మాత్రం ఇరవయ్యారేళ్లుగా సున్నమే. కోపమొస్తే సున్నం, ముద్దొస్తే సున్నం, గ్యాస్ అయిపోతే సున్నం.

లోహిత స్విచ్ వేసింది. కేబినెట్ లోపల ఏడు రంగుల లైట్లు వెలిగి గిరగిరా తిరిగాయి. వాళ్లడగని లైట్లు అవి. వాళ్లడిగిన గ్రాఫిక్స్ కార్డు మాత్రం స్టాకు లేదని షాపువాడు ఇంకోటి వేసిచ్చాడు. "దానికి సమానమైనదే మేడం, ఏ ఆటైనా పరిగెత్తుద్ది," అన్నాడు. ఏ ఆట అని అతను అడగలేదు. అడిగినా లోహిత చెప్పేది కాదు.

ఆ ఆట పేరు 'రెండో ట్రిప్పు'. బజార్లో దొరకదు. మంగళగిరి దగ్గర ఒక ల్యాబులో తయారైంది.

పోయిన వేసవిలో ఝాన్సీకి మెదడువాపు వచ్చింది. ప్రాణం దక్కింది, జ్వరం పోయింది, కానీ జ్ఞాపకాలు కారిపోవడం మొదలైంది. ముందు స్టవ్ కట్టేయడం మరిచిపోయింది. తర్వాత పక్కింటావిడ పేరు. ఒకరోజు పొద్దున్నే డ్యూటీకి వెళ్తానని యూనిఫాం తొడుక్కొని వీధి మలుపు దాకా వెళ్లి, ఏ డిపోకో తెలియక అక్కడే నిలబడిపోయింది. పాతికేళ్లకు పైగా కండక్టరుగా పనిచేసిన మనిషి.

ల్యాబులో యాస్మీన్ మేడం వాళ్లకు అర్థమయ్యేలాగే చెప్పింది. ముప్పై అయిదేళ్లుంటాయామెకు. మెదడు శాస్త్రంలోకి రాకముందు వీడియో గేములు తయారుచేసేదట, అందుకే ఆమె మందు కూడా ఆటలాగే ఉంది.

"గంజి పెట్టిన చీర చూశారుగా. తడిస్తే మెత్తబడుతుంది. ఎలా ఆరేస్తే అలా బిగుసుకుంటుంది. జ్ఞాపకమూ అంతే. తలుచుకున్నప్పుడల్లా కాసేపు మెత్తబడుతుంది, మళ్లీ గట్టిపడుతుంది. మెత్తగా ఉన్న ఆ కాసేపట్లో ఈ టోపీ దాన్ని చదివి బొమ్మ కడుతుంది. కళ్లద్దాలు పెట్టుకొని ఆవిడ ఆ బొమ్మలోకి వెళ్లి తిరుగుతారు, పని చేస్తారు. ఊరికే చూస్తే లాభం లేదు. చేతులతో చేస్తేనే గట్టిపడుతుంది. అందుకే ఆట."

సెకనుకు తొంభై బొమ్మలు, అంటే ఫ్రేములు, పడాలి. తగ్గితే మెదడు నమ్మదు, కడుపు అసలే నమ్మదు. ఇరవయ్యొక్క పొద్దులు వరసగా ఆడాలి. ఒక్క జ్ఞాపకమే ఎంచుకోవాలి, వేరులాంటిది. వేరు నిలబడితే దాన్ని పట్టుకొని మిగతావీ నిలబడతాయి.

"పెళ్లి రోజు తీసుకుందామా?" అంది యాస్మీన్.

"మా పెళ్లి పది నిమిషాల్లో అయిపోయిందమ్మా," అంది ఝాన్సీ. "రిజిస్ట్రారాఫీసులో ఫ్యాను గూడా లేదు. ఎప్పుడు బయట పడదామా అని చూశాం."

"పోనీ పాప పుట్టినప్పుడు?"

"అప్పుడు కళ్లు మూసుకొని అరుస్తా ఉన్నా. ఏం చూశానంట నేను." కాసేపు ఆలోచించింది. "సాయంత్రం అయిదున్నర మాచర్ల బండి పెట్టండి. దాంట్లో అయితే కళ్లు తెరుచుకొనే ఉన్నా."

ఏడుకొండలు కుర్చీలో కొంచెం నిటారుగా కూర్చున్నాడు. ఆ బండిలోనే అతను ఆమెకు పరిచయమయ్యాడు. పిడుగురాళ్ల సున్నపు బట్టీలో గుమాస్తాగా పనిచేసే రోజుల్లో రోజూ ఒళ్లంతా తెల్లగా చేసుకొని ఆ బస్సెక్కి గురజాలలో దిగేవాడు. సీటుకు ఆనుకోవద్దని కండక్టరమ్మ తిట్టింది. మరుసటి రోజూ తిట్టింది. ఏడాదిన్నర తిట్టాక పెళ్లి చేసుకున్నారు. ఈ కథ అతను ప్రతి ఫంక్షన్లోనూ చెప్తాడు. లోహితకు ఇది ఎంత విసుగంటే, పెళ్లిభోజనాల్లో నాన్న చేతిలోకి మైకు పోకుండా చూసుకోవడం ఒక్కగానొక్క కూతురిగా తన బాధ్యత అనుకునేది.

ల్యాబులో మిషన్లు నాలుగు, రోగులు అరవై మంది. సరైన కంప్యూటరుంటే ఇంట్లోనే ఆడుకోవచ్చన్నారు. ఇచ్చిన కాగితం మీద చివరి వాక్యం ఇలా ఉంది: సెట్టింగులు మార్చవద్దు, ఆట నడవకపోతే ఫోన్ చేయండి. ఫోన్ చేస్తే ఏమవుతుందో వరండాలో మిగతా రోగుల తాలూకువాళ్లు చెప్పారు. మళ్లీ వరసలోకి వెళ్తారు. నాలుగు నెలలు.

నాలుగు నెలల్లో అమ్మలో ఏం మిగులుతుందో లోహిత మనసులో లెక్కేసుకుంది.

*

మొదటి రోజు పొద్దున తొమ్మిదింటికి ఝాన్సీ టోపీ, కళ్లద్దాలు పెట్టుకొని హాల్లో నిలబడింది. మానిటర్ మీద బస్సు కట్టుకుంది. లోహిత కుర్చీ ముందుకు జరుపుకుంది. బస్సు నిండా జనం. మిరపకాయల బస్తాల మీద కూర్చున్న ఆడవాళ్లు, కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టుకునే మనిషి, ఎవరి ఒళ్లోనో ఒక మేకపిల్ల. ప్రతి ముఖం వేరు. పాతికేళ్ల కిందటి చెమట అమ్మ తలలో ఇంత పదిలంగా ఉందా అనిపించింది.

"జరగండయ్యా లోపలికి," ఝాన్సీ హాలు మధ్య నిలబడి అరిచింది. "గుమ్మంలో ఇల్లు కట్టుకున్నారా? ఏమ్మా, ఆ మేకకి టికెట్టెవరు కొంటారు? రైట్, రైట్."

మానిటర్ మూలన ఫ్రేముల లెక్క చూపే అంకె ముప్పై ఒకటి దగ్గర ఉంది. బస్సు ముక్కలు ముక్కలుగా కదిలింది. ఆరో నిమిషంలో ఝాన్సీ కళ్లద్దాలు పీకేసి వాంతి చేసుకుంది.

ఏడుకొండలు బకెట్ తెచ్చాడు. నేల తుడిచాక, అటు తిరిగి తల దువ్వుకుంటూ, "పిడుగురాళ్ల దాకా వచ్చిందా?" అన్నాడు.

"ఊరు దాటలేదు నాన్నా."

రెండో రోజుకి లోహిత గ్రాఫిక్స్ కార్డు డ్రైవర్ సాఫ్ట్‌వేర్లన్నీ కొత్తవి వేసింది. కేబినెట్ పక్క రేకు ఊడదీసి ఎదురుగా కూలరు పెట్టింది. ఏడు రంగుల లైట్లు ఆపేసింది. ముప్పై ఎనిమిది. ఝాన్సీ తొమ్మిదో నిమిషంలో కక్కుకుంది. మూడో రోజు నలభై. ఆ రోజు మధ్యాహ్నం దాకా ఆమె లేవలేదు. లేచాక లోహితను చూసి, "ఎవరి పిల్లవమ్మా," అంది. ఒక నిమిషంలో సర్దుకుంది. "ఊరికే అన్నాలే," అంది. ఊరికే అనలేదని ముగ్గురికీ తెలుసు.

"వద్దులే అమ్మాయ్," అన్నాడు ఏడుకొండలు సాయంత్రం. "చిత్రహింస పెడతన్నాం దాన్ని. రేపు గూడా నడవకపోతే ఆపేద్దాం."

లోహిత సెట్టింగులు తెరిచింది.

ఈ ఒక్క విద్యలో ఆమెను మించినవాళ్లు జిల్లాలో లేరు. ఇంజినీరింగ్ నాలుగేళ్లూ మూలుగుతూ నడిచే పాత ల్యాప్‌టాప్ మీద ఆమె ప్రతి ఆటా తక్కువ సెట్టింగుల్లోనే ఆడింది. గడ్డి మొలవని మైదానాల్లో, నీడలు పడని ఊళ్లలో, మైదాముద్దల్లాంటి ముఖాలున్న శత్రువులతో పోరాడి గెలిచింది. సెట్టింగుల్లో ఏ గీత ఎంత కిందికి లాగితే ఎన్ని ఫ్రేములొస్తాయో ఆమెకు ఎక్కాల్లా నోటికొచ్చు. అందం తీసేస్తే వేగం వస్తుంది. ఇందులో ఆలోచించడానికేమీ లేదు.

నీడలు తీసేసింది. యాభై రెండు. దూరపు చూపు తగ్గించింది. అరవై ఒకటి. రోడ్డుకు రెండు వైపులా ఉన్న మిరపచేలను పచ్చరంగు పూసిన చాపల్లా మార్చింది. డెబ్బై. ఇంకో గీత మిగిలింది. జనం. దాని పక్కన చిన్న అక్షరాల్లో 'నేపథ్యంలోని మనుషుల సంఖ్య, వివరం' అని ఉంది.

నేపథ్యమేగా అనుకుంది. 'ఎక్కువ' నుంచి 'తక్కువ'కి లాగింది.

తొంభై నాలుగు.

మర్నాడు ఝాన్సీ నలభై నిమిషాలూ ఆడింది. కక్కుకోలేదు. తూలలేదు. మాచర్ల బస్టాండులో దిగి, కళ్లద్దాలు తీసి, "ఆకలేస్తంది," అంది. ఏడుకొండలు అప్పటికి వీధిలో ఉన్నాడు. వాంతులు చూడలేక ఆట మొదలవగానే బయటికి పోవడం అలవాటు చేసుకున్నాడు. లోపలికి వస్తూనే అడిగాడు.

"పిడుగురాళ్ల వచ్చిందా?"

"వచ్చింది నాన్నా. తొంభై నాలుగు, ఎక్కడా పడిపోలేదు."

"నేనెక్కానా?"

లోహిత నలభై నిమిషాలూ ఆ మూల అంకెనే చూస్తూ కూర్చుంది. "ఎక్కే ఉంటావ్," అంది.

ఏడుకొండలు నవ్వుకుంటూ షాపుకి వెళ్లిపోయాడు.

*

వారం గడిచేసరికి ఝాన్సీ స్టవ్ కట్టేస్తోంది. పక్కింటి సీతమ్మను పేరు పెట్టి పిలిచి, ఆర్నెల్ల కిందట ఇచ్చిన ఇడ్లీ రేకులు తిరిగిమ్మని అడిగింది. సీతమ్మకి సంతోషించాలో సిగ్గుపడాలో తెలియలేదు. ల్యాబుకు పంపే రోజువారీ మార్కులు నూటికి నూరు. యాస్మీన్ నుంచి బొటనవేలి బొమ్మ వచ్చింది.

ఇల్లు మాత్రం నిశ్శబ్దమైంది. ఆటలో ఝాన్సీ ఇప్పుడు అరవడం లేదు. జరగండి అనడం లేదు, ఎవరినీ తిట్టడం లేదు. స్టాపు వచ్చినప్పుడు మెల్లగా "రైట్" అంటుంది, అంతే. లోహిత దాన్ని ప్రశాంతత అనుకుంది. డాక్టర్ల భాషలో దానికేదో మంచి పేరు కూడా ఉండే ఉంటుందనుకుంది.

"ఎలా ఉందమ్మా బండి?" అని ఒకరోజు అడిగింది.

"ఖాళీగా ఉంది, హాయిగా ఉంది," అంది ఝాన్సీ. "అట్టాంటి డ్యూటీ ఎప్పుడూ పడలేదు నాకు."

ఆ మాట దగ్గర లోహిత ఆగాల్సింది. ఆగలేదు. ఆమె పనిచేసే కంపెనీ వాళ్ల యాప్‌లో ఆ రోజు ఏదో తప్పు పట్టాల్సి ఉంది. సాయంత్రం దాకా పట్టుకుంది.

పన్నెండో రోజు పొద్దున్న ఆట అయ్యాక, ఏడుకొండలు పేపరు చదువుతుంటే ఝాన్సీ వచ్చి పక్కన నిలబడింది.

"ఏమండీ, కాఫీ తాగుతారా?"

ఏడుకొండలు వెనక్కి తిరిగి చూశాడు, ఎవరొచ్చారా అని. ఎవరూ లేరు.

కాఫీ తాగాడు. గ్లాసు కడిగి బోర్లించి, లోహిత గదిలోకి వచ్చి తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"మీ అమ్మ నన్ను ఏమండీ అంది."

"గౌరవం నేర్చుకుందేమోలే నాన్నా."

అతను నవ్వలేదు. "తాగుతారా అంది," అన్నాడు.

ఇద్దరూ హాల్లోకి వెళ్లారు. ఝాన్సీ చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. ఏడుకొండలు ఎదురుగా కూర్చున్నాడు.

"ఝాన్సీ, నువ్వు నన్నేమని పిలిచేదానివి?"

"ఏమని పిలుస్తారండీ మొగుణ్ణి? పేరు పెట్టి పిలుస్తామా?"

"సున్నం అనేదానివి."

"ఛ, అదేం పేరు," అంది ఝాన్సీ. "ఎవరన్నా అంటారా మొగుణ్ణి అట్టా."

అతను కథ చెప్పాడు. బట్టీ, బస్సు, తెల్లబడ్డ సీటు. ఫంక్షన్లలో చెప్పినట్టే చెప్పాడు, నవ్వు రావాల్సిన చోట ఆగుతూ. ఝాన్సీ చేతిలో పని ఆపి మర్యాదగా విన్నది. ఎవరో ప్రయాణికుడు తన బాధ చెప్పుకుంటుంటే డ్యూటీలో ఉన్న మనిషి వినే తీరు అది.

"బాగుంది," అంది చివర్న. "చిక్కుడుకాయల్లో కొబ్బరి వెయ్యమంటారా?"

అతని షుగర్ మాత్రలు ఏ డబ్బాలో ఉన్నాయో ఆమెకు తెలుసు. ఏ వైపు తిరిగి పడుకుంటాడో తెలుసు. అతను తన మొగుడని తెలుసు. ఎందుకు మొగుడయ్యాడో మాత్రం తెలియదు.

ఏడుకొండలు షాపుకి వెళ్లాక లోహిత రికార్డింగులు తెరిచింది. ఆట మొత్తం దాచిపెట్టే ఉంటుంది. ఆమె ఇన్నాళ్లూ చూసింది దాని మూలనున్న అంకెను మాత్రమే.

నాలుగో రోజు. పిడుగురాళ్ల స్టాపు. తలుపు తెరుచుకుంది. నలుగురు ఎక్కారు. నలుగురిదీ ఒకే ముఖం, ఒకే నీలం చొక్కా. ఎవరి మీదా సున్నం లేదు. ఆరో రోజు ఇద్దరెక్కారు. ముందురోజు గట్టిపడిన తక్కువ జనంలోంచి ఆట మళ్లీ కొందర్ని తగ్గించింది, జిరాక్సుకి జిరాక్సు తీసినట్టు. తొమ్మిదో రోజు పిడుగురాళ్లలో తలుపు తెరుచుకుంది, కాసేపు అలాగే ఉంది, మూసుకుంది. పన్నెండో రోజు బస్సులో ఎవరూ లేరు. అమ్మ ఆ చివర నుంచి ఈ చివరకు నడిచింది. ఖాళీ సీట్ల ముందు ఆగి, టికెట్టు చింపి, గాల్లోకి అందించింది. మార్కులు నూటికి నూరు.

లోహితకు ఏడుపు రాలేదు. వస్తుందేమోనని కాసేపు కూర్చుంది. తర్వాత లేచి, తలస్నానం చేసి, మంగళగిరి బస్సెక్కింది. ఎక్కేముందు నాన్నకి ఫోన్ చేసి జరిగింది మొత్తం చెప్పింది. ఏ గీత, ఏ రోజు, ఎందుకు.

"షాపు మూసేసి వస్తన్నా," అన్నాడు. "బస్టాండులోనే ఉండు."

*

యాస్మీన్ తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది లోహితకు. రికార్డులన్నీ చూసి, కళ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టింది.

"ఆ గీత తీసేసి ఇవ్వాల్సింది మేం," అంది. "మార్చొద్దని రాస్తే మార్చరనుకున్నాం."

"తిరిగి వస్తదా మేడం?" అన్నాడు ఏడుకొండలు.

"పోయింది రాదండీ. ఇప్పుడు ఆవిడకు ఆ బండి ఖాళీ బండే. కానీ ఒకటి చేయొచ్చు." ఆమె జాగ్రత్తగా మాటలు ఏరుకుంది. "ఇంకా తొమ్మిది రోజులున్నాయి. బస్సులోకి మనిషిని మనం పంపొచ్చు. మిమ్మల్ని. పాత ఫొటోలుంటే ముఖం కట్టేస్తాం. ఏం జరిగిందో మీరు చెప్తే అదే జరుగుతుంది. తొమ్మిది సార్లు జరిగితే గట్టిపడుతుంది. ఆవిడకు అది నిజంగా జరిగినట్టే ఉంటుంది."

ఏడుకొండలు ముఖంలోకి రక్తం వచ్చింది. "చెప్తా," అన్నాడు. "రాసుకోండి."

యాస్మీన్ కీబోర్డు దగ్గరికి లాక్కుంది. "ఏ నెల?"

"ఎండాకాలం. కాదు, మిరపకాయల బస్తాలున్నాయంటే ఇంకా ఫిబ్రవరే అయ్యుంటది."

"ఆవిడ ఎక్కడ నిలబడ్డారు?"

"ముందు తలుపు దగ్గర. వెనకనా. నేను వెనకనించి ఎక్కా. అప్పట్లో వెనక తలుపుండేదా ఆ బండికి?" లోహిత వైపు చూశాడు, అప్పటికి ఆమె పుట్టలేదన్న సంగతి మరిచిపోయి.

"ఆవిడ మొదటి మాట?"

"సీటుకు ఆనుకోవద్దయ్యా, తెల్లగయిద్ది, అంది."

"కచ్చితంగా ఆ మాటేనా?"

"ఫంక్షన్లలో చెప్పేటప్పుడు అట్టా చెప్తా," అన్నాడు. "మొదట్లో ఇంకేదో అనేవాణ్ణి. జనం నవ్వట్లేదని కొంచెం మార్చా. అసలేమందో..."

"పర్లేదండీ. ముఖం చెప్పండి. ఆ రోజు ఆవిడ ఎలా ఉన్నారు?"

ఈసారి అతను చాలాసేపు కళ్లు మూసుకొని కూర్చున్నాడు. కళ్లు తెరిచాక గొంతు మామూలుగానే ఉంది.

"ఇప్పుడున్నట్టే కనబడతంది నాకు. తెల్ల వెంట్రుకల్తో. ఆ బస్సులో తెల్ల వెంట్రుకల్తో నిలబడి ఉంది."

యాస్మీన్ వేళ్లు కీబోర్డు మీద ఆగిపోయాయి.

"వద్దులే మేడం," అన్నాడు ఏడుకొండలు. "నేను కల్పించింది తన తలలో పెట్టి, అది జరిగిందనుకోమంటే ఎట్టా. అదీ నేను సరిగ్గా కల్పించలేకపోతన్నా." లేచి నిలబడ్డాడు. "మిగతా రోజులు ఆపితే ఏమయిద్ది?"

"ఇప్పుడు నిలబడ్డవి కూడా జారిపోతాయి. స్టవ్, ఇల్లు, మీ అమ్మాయి."

"అయితే నడపండి," అన్నాడు. "ఖాళీ బండే నడపండి."

ల్యాబు వాళ్లు ఒక మంచి గ్రాఫిక్స్ కార్డు అరువిచ్చారు. లోహిత దాన్ని బిగించి, గీతలన్నీ మళ్లీ 'ఎక్కువ'కి లాగింది. ఇప్పుడు నూట ఇరవై ఫ్రేములు వస్తున్నాయి, ఆట వెన్నలా నడుస్తోంది. మిరపచేలలో ఒక్కో కాయా విడివిడిగా ఎర్రగా కనిపించింది. రెక్సిన్ సీట్లకు వేసిన కుట్లు లెక్కపెట్టొచ్చు. సాయంత్రపు ఎండ కిటికీల్లోంచి వాలి, ఎవరూ లేని సీట్ల నీడలు నడవ మీద పొడుగ్గా పడ్డాయి. తొమ్మిది పొద్దులు తండ్రీ కూతుళ్లు పక్కపక్కన కూర్చొని ఆ బస్సును చూశారు. పిడుగురాళ్ల వచ్చిన ప్రతిసారీ ఏడుకొండలు కాళ్లు దగ్గరికి లాక్కునేవాడు, ఎవరికో దారిస్తున్నట్టు.

"అమ్మకి చెప్పేద్దాం నాన్నా, నేనే చేశానని," అంది లోహిత ఆఖరి రోజు.

"ఏమని చెప్తావ్? నీకొకటి ఉండేది, పోగొట్టానని చెప్తావా? ఏందని అడుగుద్ది. అప్పుడు నేను మళ్లీ ఆ కథ చెప్పాలి." తల అడ్డంగా ఊపాడు. "నేను చెప్పలేనమ్మాయ్. నాకే నమ్మకం పోయింది దాని మీద."

*

మందు పనిచేసింది. ఝాన్సీ నిలబడింది. నెల తిరిగేసరికి కూరగాయల బజారుకి ఒక్కతే వెళ్లి వస్తోంది. అందరితో మర్యాదగా మాట్లాడుతోంది. ఏడుకొండలుకు మంచినీళ్లు గ్లాసు కింద ప్లేటు పెట్టి ఇస్తోంది. అతను ఆ ప్లేటును రెండు చేతులా అందుకుంటున్నాడు. బంధువులింటికి వచ్చినవాడిలా మెలుగుతున్నాడు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం ముగ్గురూ భోజనాల దగ్గరున్నారు. ఝాన్సీ చారు పోస్తూ పోస్తూ ఆగింది.

"ఏమండీ, మన సంబంధం ఎవరు కుదిర్చారు?"

లోహిత ముద్ద పళ్లెంలోనే వదిలేసింది. ఆమె నోరు తెరిచేలోపు ఏడుకొండలు మాట్లాడాడు.

"పెద్దవాళ్లు," అన్నాడు.

"మా వైపా, మీ వైపా?"

"రెండు వైపులా."

"ఊ," అంది ఝాన్సీ. మంచిపనే చేశారన్నట్టు తల ఊపి, చారు పోసింది. కాసేపాగి, "మరి వాళ్లెవరూ మనింటికి రారేం?" అంది.

ఝాన్సీ పెద్దన్నయ్య రెంటచింతలలో ఉంటాడు. చెల్లెలు కులం కానివాణ్ణి రిజిస్ట్రారాఫీసులో చేసుకుందని తెలిసిన వారంలోనే రేషన్ కార్డులోంచి ఆమె పేరు కొట్టించేశాడు. ఆ తర్వాత ఒక చావుకు పిలవలేదు, ఒక పెళ్లికి పిలవలేదు. ఏడుకొండలు వాళ్ల వైపు అంతకన్నా ఘోరం. లోహిత ఈ ఊళ్లోనే పుట్టి పెరిగింది. అమ్మమ్మ ముఖం ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు. అమ్మలో ఆ వెలి సంగతి కూడా ఆ బండితోపాటే పోయిందని ఆమెకు ఇప్పుడర్థమైంది.

"రారేమండీ?" ఝాన్సీ మళ్లీ అడిగింది.

"మనం పిలవలా," అన్నాడు ఏడుకొండలు.

"అదీ మన తప్పేగా మరి. ఆదివారం పిలుద్దాం. మా అన్నయ్య నెంబరుందా మీ దగ్గర?"

ఉండదని లోహిత అనుకుంది. ఏడుకొండలు ఎడమచేత్తో జేబులోంచి ఫోన్ తీశాడు. కిందికి, కిందికి జరిపి ఒక పేరు దగ్గర ఆపాడు. 'బావ' అని ఉంది. ఎవరి దగ్గర సంపాదించాడో, ఎన్ని ఫోన్లు మారినా ఎలా దాచుకొచ్చాడో, ఎప్పుడూ నొక్కని నెంబరు. నొక్కి ఆమె చేతికిచ్చాడు.

లోహిత తండ్రి వైపు చూసింది. అతను పళ్లెం వైపు చూస్తున్నాడు.

మూడు రింగులకు అవతల ఎత్తారు.

"అన్నయ్యా, నేను ఝాన్సీని," అంది ఆమె, నిన్న మాట్లాడిన మనిషితో మాట్లాడినట్టు. "అందరూ బాగున్నారా? వదినకి మోకాళ్లెట్టా ఉన్నాయి? ఆదివారం భోజనానికి రండి. పిల్లల్ని గూడా తీసుకురా, నరసరావుపేట ఎంత దూరం." ఆగింది. జవాబు రాలేదు. "మీరు కుదిర్చిన సంబంధమే గదా, ఎట్టా ఉన్నామో వచ్చి చూసిపోవద్దా ఒకసారి?"

ఆమె వింటూ కూర్చుంది. చారు చల్లారుతోంది. కాసేపటికి కనుబొమలు ముడిచి ఫోన్ లోహిత ముందుకు చాపింది.

"మాట్లాడడేంది? సిగ్నల్ లేదేమో చూడవే."

లోహిత చూసింది. గీతలు నిండుగా ఉన్నాయి. కాల్ నడుస్తూనే ఉంది, సెకన్లు మారుతున్నాయి. చెవి దగ్గర పెట్టుకుంటే దూరంగా ఒక ముసలి ఊపిరి వినపడింది.

"సిగ్నల్ ఉందమ్మా," అంది. "లైన్లోనే ఉన్నాడు."

ఝాన్సీ ఫోన్ తీసుకొని మళ్లీ చెవికి ఆనించుకుంది.